అమ్మకో వెనక సీటు

ఇడ్లీపాత్ర దించబోతున్న సుగుణమ్మ చేతిలోంచి మసిగుడ్డ లాక్కున్నంత పని చేసింది కృపారాణి.

“పొయ్యి దగ్గరికి రావద్దన్నానా అత్తయ్యా? కళ్ళు తిరిగితే ఏంటి గతి?”

“తిరగలేదులేమ్మా,” అంటూ సుగుణమ్మ పక్కకి తప్పుకుంది.

రేపల్లెలోని ఆ రెండు గదుల ఇంట్లో ఏడు నెలలుగా ఇదే వరస. కిందటి అక్టోబరులో కొడుకు వినయ్ కుమార్ బండి మీద భట్టిప్రోలు వెళ్తూ, స్పీడ్ బ్రేకర్ దగ్గర కిందపడింది సుగుణమ్మ. విరిగిన మణికట్టు అతుక్కుంది గానీ, కళ్ళు తిరిగి పడిందన్న మాట మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. అప్పట్నుంచి మేడ మెట్లెక్కనివ్వరు, ఒంటరిగా బస్సెక్కనివ్వరు. కోడలు చెడ్డదేం కాదు. కోపంతో కట్టేస్తే తెంచుకుని పోవచ్చు, ప్రేమతో కట్టేస్తే ఎవరికని చెప్పుకుంటారు?

భట్టిప్రోలులో ఇరవై రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం సాయంత్రం సండే స్కూలు పిల్లలకి పాఠం చెప్పింది సుగుణమ్మ. రేపటి ఆదివారం కూడా రాకపోతే ఆ తరగతి ఇంకొకరికి అప్పగిస్తామని కిందటి వారం కబురొచ్చింది. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. అది చూడలేకే కృపారాణి ఒక ఉపాయం ఆలోచించింది. వినయ్ బాపట్ల, కర్లపాలెం మందుల షాపులకి సరుకు వేస్తాడు. తల్లి పడ్డ వారానికే బండి వెనక సీటు పీకించి సరుకు పెట్టె బిగించాడు. ఆదివారం ఆ పెట్టె తీసి, దాని చోట ఊడదీసుకునే సీటు తగిలించుకోవచ్చు. ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ కూడా ఉంటే కళ్ళు తిరిగినా పడరు.

“ఇవాళే తెనాలి వెళ్దామండి,” అంది భర్తతో.

వినయ్ ఇడ్లీ తుంచుతూ ఆగిపోయాడు. “అమ్మకి బండెందుకు ఇప్పుడు? ఆటో మాట్లాడతాలే.”

“ఏడు నెలల్నుంచీ అదే మాట. మాట్లాడారా?”

సుగుణమ్మ కొడుకు వంక చూసింది. కొడుకు పళ్ళెం వంక చూశాడు.

అత్తాకోడళ్ళు బస్సులో, వినయ్ బండి మీద తెనాలి చేరేసరికి పదకొండయింది. సీట్ల దుకాణం బసవపున్నయ్య మెడలో టేపు, నోట్లో సవాలక్ష ప్రశ్నలు ఎప్పుడూ ఉంటాయి. ఆయన ఒక సీటు తెచ్చి బండి మీద ఆనించి చూపించాడు.

“నాలుగే బోల్టులు. వారానికోసారి తీసి పెట్టుకోవచ్చు. బ్యాక్‌రెస్ట్ విడిగా ఊడొస్తుంది. కూర్చునేదెవరు?”

“మా అత్తయ్యగారండి. ఇదివరకోసారి బండి మీంచి పడ్డారు.”

“రెండు పక్కలా కాళ్ళేసి కూర్చుంటారా?”

“అయ్యో, చీరకట్టు కదండి. ఒక పక్కకే.”

బసవపున్నయ్య నవ్వాడు. “మరి ఈ బ్యాక్‌రెస్ట్ ఏం చేసుకుంటారమ్మా? అలా కూర్చుంటే ఇది వీపుకి కాదు, భుజానికి తగులుతుంది. వారం తిరక్కుండా తెచ్చి నా మొహాన కొడతారు.”

కృపారాణికి సిగ్గేసింది. వారం రోజులుగా ఫోనులో బొమ్మలు చూసి చూసి ఎంచింది. ఆ బొమ్మల్లో ఒక్క చీరకట్టూ లేదన్న సంగతి ఇప్పుడు తట్టింది.

“ఇదివరకు ఎటు పడ్డారక్కా? చెబితే దానికి తగ్గట్టు అమరుస్తా,” అన్నాడు బసవపున్నయ్య.

“కళ్ళు తిరిగి పడిందయ్యా! ఏదో ఒకటి ఇచ్చెయ్,” వినయ్ గొంతు పెంచాడు.

“బండి వెనక్కి పడ్డాను తమ్ముడూ,” అంది సుగుణమ్మ మెల్లగా.

“వెనక్కా?” బసవపున్నయ్య టేపు చుట్టడం ఆపాడు. “కళ్ళు తిరిగితే కాళ్ళున్న వైపుకి జారిపోతారు. బండి ఒక్క ఉదుటున ముందుకి దూకితేనే వెనక్కి పడేది. క్లచ్ వదిలేశావా బాబూ?”

“సీట్లమ్ముకునేవాడివి నీకెందుకయ్యా? నువ్వేమన్నా పోలీసువా?”

వినయ్ అరుపుకి పక్క దుకాణంలో వాళ్ళు తొంగిచూశారు. ఆరేళ్ళ కాపురంలో అతనలా అరవడం కృపారాణి ఎన్నడూ వినలేదు.

“ఏమండీ, ఆ రోజు ఏం జరిగింది?”

“చెప్పాను కదా.”

“మళ్ళీ చెప్పండి. ఇక్కడే, అత్తయ్య ఎదురుగా చెప్పండి.”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు వినయ్. చివరికి బండి సీటుకి చెబుతున్నట్టుగా చెప్పాడు. “ఫోనొచ్చింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నా. స్పీడ్ బ్రేకర్ దగ్గర అది జారింది. పట్టుకోబోయి క్లచ్ వదిలేశా. ఆస్పత్రిలో ఎలా పడిందని అడిగితే… కళ్ళు తిరిగాయని నోటికొచ్చేసింది. ఆ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాను.”

లాక్కున్న మసిగుడ్డలు, వేసిన కేకలు, పెట్టిన ఆంక్షలు అన్నీ ఒక్కసారి కృపారాణి మీద పడ్డాయి.

“మీకు తెలుసా అత్తయ్యా?”

“వెనక కూర్చున్నదాన్ని, నాకు తెలియదటమ్మా?”

“మరెందుకు చెప్పలేదు?”

“వాడే చెబుతాడని చూశాను. ఆదివారం ఆదివారం చర్చిలో నువ్వు ప్రార్థన చీటీ రాసిస్తావు, నా కళ్ళ కోసం సంఘమంతా మోకరిస్తుంది. లేని జబ్బుకి నేనూ మోకరించాను. వాళ్ళు నా కళ్ళ కోసం ప్రార్థించారు, నేను వీడి నోటి కోసం ప్రార్థించాను.”

వినయ్ తల్లి అతుకుపడిన చెయ్యి పట్టుకుని, నడిరోడ్డని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. సుగుణమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఊరుకోమనీ అనలేదు. అంత తేలిగ్గా ఊరుకుంటే ఆ ఏడు నెలలకి విలువేముంటుంది?

కాసేపయ్యాక ఆవిడే బసవపున్నయ్య వైపు తిరిగింది. “వెడల్పుగా ఉండే సీటు, పక్కన గట్టి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి బల్ల. అంతే తమ్ముడూ. ఆ బ్యాక్‌రెస్ట్ నాకొద్దు. పడిపోయేదాన్ని కాను నేను.”

మర్నాడు పొద్దున రేపల్లె చర్చిలో ఆరాధన మధ్య అయ్యగారు ప్రార్థన చీటీలు విప్పారు. కృపారాణి ఆ వారం ఏ చీటీ ఇవ్వలేదు. కానీ అలవాటైన పేరు ఆయన నోటికి వచ్చేసింది. “మన సుగుణమ్మగారి ఆరోగ్యం కోసం…”

మగవాళ్ళ వైపు నుంచి వినయ్ లేచి నిలబడ్డాడు.

“ఆ పేరు తీసెయ్యండి అయ్యగారూ. మా అమ్మకి ఏ జబ్బూ లేదండి. ఏ రోజూ లేదు. నేనే ఫోను మాట్లాడుతూ పడేశాను. పడేసి అబద్ధం చెప్పాను.”

కృపారాణి తల దించుకుంది. భర్త పరువు పోతోందని కాదు, ఇన్నాళ్ళూ ఆ చీటీ రాసిన చెయ్యి తనదే అని.

అయ్యగారు కళ్ళజోడు తీశారు. “మరి ఎవరి పేరు చదవమంటావు నాయనా?”

“నాది చదవండి.”

అయ్యగారు ఆ పేరు చదవకముందే, అందరికంటే ముందు సుగుణమ్మ మోకరించింది.