చొక్కాకు చర్రుపట్టీ

ఆ ఉదయం అత్తగారు భర్త చొక్కా అందుకుని, అలవాటుగా పై గుండీ విప్పబోయింది. చొక్కా చర్రుమని విచ్చుకుంది. చూస్తే కాజాలన్నీ మూసి కుట్టేసి ఉన్నాయి. గుండీలు పైపైన సింగారానికే మిగిలాయి. లోపల మాత్రం పిల్లల బూట్లకుండే అతుకుడు పట్టీ!

ఇంకేముంది, ఇల్లు పీకి పందిరేసింది.

"ఏమే, బ్యాగులు కుట్టే షాపులో పనిచేస్తే ఇంట్లోవాళ్లందరికీ పట్టీలు కుట్టేస్తావా? మీ మామగారు మనిషా, సంచీయా?"

కోడలు గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది. "మామయ్యగారికి చేతులు వణుకుతున్నాయి కదత్తయ్యా. ఇదైతే నొక్కితే చాలు."

"గుండీలు పెట్టడానికి నేను లేనూ? చచ్చానా?"

"పొద్దున్నే అంతంత మాటలెందుకత్తయ్యా?"

"నా మొగుణ్ణి నేను చూసుకోలేనని నలుగురూ అనుకోవాలి. అదేగా నీ ఏడుపు!"

ఆయనకు వణుకు మొదలైనప్పటినుంచి గుండీలు పెట్టేది ఆవిడే. పెడుతున్నంతసేపూ నోరు ఊరుకోదు. "గడ్డం ఎత్తండి. అబ్బబ్బ, చంటిపిల్లాడు నయం మీకన్నా!" కంటికి ఆనని మరలు బిగించి, ఊరందరి గడియారాలూ నడిపించిన మనిషి ఆయన. ఇప్పుడు పెళ్లాం ముందు చేతులు వేలాడేసుకుని నిలబడేవారు. రోజు మొత్తంలో ఇద్దరూ అంత దగ్గరగా ఉండేది ఆ కాసేపే. ఆ ముక్క కోడలితో ఎలా చెప్తుంది? అందుకే తిట్టిపోసింది.

"కత్తెర తే. ఇప్పుడే ఊడబీకుతాను."

"ముట్టుకోకు!"

గుమ్మంలో బనీనుతో మామగారు. "కుట్టమన్నది నేనే. ఆ పిల్లనేమీ అనకు."

"మీరా! నాకొక్క మాటైనా చెప్పకుండానా?"

"చెప్తే విన్నావు గనకనా? రోజూ కోడలి ముందు, పాలవాడి ముందు, గుండీకో తిట్టు తిన్నాను. బయటికెళ్లాలంటే చొక్కా వేసుకోవాలి. చొక్కా వేసుకోవాలంటే నిన్ను పిలవాలి. సిగ్గేసి, బజారుకెళ్లడమే మానుకున్నాను."

"ప్రేమకొద్దీ చేశానండీ నేను..."

"నాకేం తెలుసు? నా చెవిన పడ్డవి తిట్లే."

ఆయన చొక్కా లాక్కుని తొడుక్కున్నారు. వణికే వేళ్లతోనే నొక్కారు. ఒక అంచు పైకి, ఒకటి కిందికి పోయింది. ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. వెనక్కి తీసుకుంది. ఆయన చర్రున విప్పి మళ్లీ నొక్కారు. ఈసారి తిన్నగా కూర్చుంది.

ఆయన మొహం విప్పారింది. ఆ మొహం అలా చూసి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి, ఆవిడ భోరుమంది. "ఎంత ఏడిపించానండీ మిమ్మల్ని!"

కోడలు చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి తప్పుకుంది.

"సరేలే, ఇలా రా. వెనక కాలరు మడతపడింది. నాకు అందడం లేదు. తిట్టకుండా సర్దగలవా?"

ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా సర్దింది. కాలరు సరిగ్గా కూర్చున్నాక కూడా చెయ్యి అక్కడే ఉంచింది. ఆయన తియ్యమనలేదు.