పక్క సీటు ఎరగని బండి

మద్దిలపాలెం కూడలిలోని ఆ షోరూములో కొత్త కార్లు వెనకవైపు రేకుల షెడ్డులో ఉండేవి. ముందు అద్దాల గదిలో, పూలదండలు వేసి, దీపాల వెలుగులో నిలబెట్టినవన్నీ వాడిన కార్లే. 2083 నాటి విశాఖపట్నంలో అదేమీ వింత కాదు. వాడిన కారు కొనగలిగినవాడెవడూ కొత్త కారు వంక చూసేవాడు కాదు.

ఈ తలకిందుల వ్యవహారానికి కారకురాలు డాక్టర్ జశ్విత. ఆమె కనిపెట్టిన మచ్చికకణం, అంటే అడాప్టివ్ సెల్, ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలోనూ ఉంటుంది. నడిపేవాడు ఎప్పుడు వేగం పెంచుతాడో, ఎప్పుడు బ్రేకు మీద కాలు వేస్తాడో ఆ కణం ఏళ్ల తరబడి నేర్చుకుని, విద్యుత్తును అందుకు తగ్గట్టు పొదుపుగా వదులుతుంది. కొత్త పెనం మొదట్లో అట్టును పట్టుకుని వదలదు. కాలి కాలి, నూనె పట్టాక, అట్లకాడ తగలగానే అట్టు లేచి వస్తుంది. బ్యాటరీ కూడా అంతే. నిదానస్తుడి చేతిలో కొన్నేళ్లు నలిగిన బ్యాటరీ కొత్తదానికి రెట్టింపు దూరం పోతుంది. అందుకని జనం వాడిన కార్లను మచ్చిక బళ్లనీ, కొత్తవాటిని పచ్చి బళ్లనీ పిలవసాగారు.

అయితే దూకుడు మనిషి చేతిలో పడ్డ బ్యాటరీ ఆ దూకుడే నేర్చుకుంటుంది. ఎవరిది ఏ గుణమో తేల్చడానికి జశ్విత నిమ్మళమాని అనే పరికరం తయారుచేసింది. స్టీరింగు పక్కన చిన్న గడియారంలా ఉంటుంది. ముల్లు పచ్చరంగు మీద ఉంటే నడిపేది నెమ్మదస్తుడు, ఎరుపులోకి పోతే తొందరపాటు మనిషి. ప్రభుత్వం దీన్ని అందిపుచ్చుకుంది. ముల్లు ఎరుపులో పడ్డవారికి స్టీరింగు హక్కు రద్దు. ఇక జన్మలో వాళ్లు, కారు తనంతట తాను నడుస్తుంటే, వెనక సీట్లో కూర్చుని పోవలసిందే. మచ్చిక బండి కొనాలంటే బండి గుణమూ మనిషి గుణమూ కలవాలి. జాతకాలు కలపడం మనవాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు కాబట్టి ఈ పద్ధతి ఇట్టే అలవాటైపోయింది.

దీపం కిందే చీకటి అన్నట్టు, ఇన్ని కనిపెట్టిన మనిషి ఇంటి కారులోనే ముల్లు ఎరుపు అంచున నిలబడింది.

జశ్విత భర్త తనుష్‌కి కారు నడపడమంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే ఒంటరిగా అనంతగిరి ఘాటెక్కి, కాఫీ తాగి దిగివస్తే గాని ఆయనకు వారం మొదలైనట్టుండదు. పాత కారు ఇచ్చేసి మరొకటి తీసుకుందామని ఇద్దరూ షోరూముకు వస్తే, అమ్మకాలు చూసే నూకరత్నం ఆ ముల్లును చూసి పెదవి విరిచింది. అరవై ఏళ్లవాళ్లంతా జశ్వితలూ తనుష్‌లూ అయిన ఆ కాలంలో నూకరత్నం చాలా ఫ్యాషన్ పేరు.

"సార్‌ది ఎరుపుకి ఆనుకునుంది మేడమ్. ఏ బండిలోనైనా ఇంకొక్క గీత దాటిందంటే స్టీరింగు ముట్టుకోడానికుండదు. టెస్ట్ డ్రైవ్ కూడా లెక్కలోకొచ్చేస్తాది, చూసుకోండి మరి" అంది. కాస్త ఆగి, నవ్వాపుకుంటూ, "ఆదివారాలన్నీ పచ్చే. మీరు పక్క సీట్లో ఉన్న రోజులే తేడా కొడతన్నాది" అని చేర్చింది.

జశ్విత మొహం ఎర్రబడింది. నిమ్మళమానికి చెవుల్లేవు. పక్క సీటులో బరువుందని తెలుస్తుందే తప్ప ఎవరేం మాట్లాడారో దానికి తెలియదు. ఆమెకు మాత్రం బాగా తెలుసు. ఆ లారీ చూడు, ఈ గొయ్యి చూడు, హారన్ కొట్టు అంటూ దారి పొడుగునా తన నోరు ఊరుకోదు. తన నోరే ఆయన్ని ఎరుపు దాకా తోసిందన్నమాట. శాస్త్రవేత్త గనక, లెక్క తేలాక వాదించలేదు.

నూకరత్నం వాళ్లను ఒక నీలం కారు దగ్గరికి తీసుకెళ్లింది.

"నూటికి నూరు వచ్చిన బండి మేడమ్. రిటైరైన లెక్చరరు గారిది. ఆయనొక్కరే నడిపారు. పక్క సీటు చూడండి, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు."

"మనకి పచ్చి బండి చాలు జశ్వీ. నేనే మచ్చిక చేసుకుంటా" అన్నాడు తనుష్.

"నువ్వు చేసిన మచ్చిక ఇప్పుడే చూశాంగా" అనేసి జశ్విత నాలిక కరుచుకుంది. ఇక నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని నీలం కారెక్కింది.

హనుమంతవాక దాటి సముద్రం ఒడ్డుకు మళ్లారు. ఆమె కింద ప్లాస్టిక్ కవరు చిటపటలాడింది. ఎడమపక్క నుంచి లారీ దూసుకొచ్చినా జశ్విత ఏమీ అనలేదు. కుక్క అడ్డం వస్తే తన కాలితోనే కింద చాపను బ్రేకులా తొక్కిపట్టింది. తనుష్ ఓసారి పక్కకు చూశాడు. కాసేపాగి మళ్లీ చూశాడు. ఆ బండి ముల్లు పచ్చరంగు వదిలి కదిలింది. సాగర్‌నగర్ మలుపులో కారు డివైడరు అంచుదాకా పోయి కుదుపుతో నిలిచింది. ముల్లు ఎరుపు గీతను తాకి వణుకుతోంది.

"రోడ్డు చూడవేం?" అంది జశ్విత. ఒట్టు గాలికి పోయింది.

"ఎలా చూడను? బయల్దేరినప్పట్నుంచీ మాట్లాడట్లేదు. దేనికి అలిగావు?"

"అలగలేదు. నీకోసమే నోరు కట్టుకు కూర్చున్నా."

"ముందే చెప్పొద్దూ? నువ్వు లారీ, గొయ్యి అంటున్నంతసేపూ నాకు నిశ్చింత. నోరు మూశావంటే నేనేం తప్పు చేశానోనని నీ మొహం చూడాలి, రోడ్డూ చూడాలి. ఉన్నవి రెండు కళ్లే."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లయినప్పట్నుంచి."

జశ్వితకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. కారులో మధ్యమధ్య తను మాట ఆపినప్పుడల్లా ఆలోచిస్తున్నది నిమ్మళమాని గురించే. దానికి మెరుగులు దిద్దుతూ ఆమె ఊరుకుంటే, అలిగిందేమోనని ఆయన తిరిగి చూడటం, ఆ చూపును అదే నిమ్మళమాని తొందరపాటు కింద రాసుకోవడం.

"ఎదురుగా గొయ్యి ఉంది" అంది, కారు మళ్లీ కదిలాక. తనుష్ తప్పించాడు. "ఆ ఆటోవాడు సిగ్నలివ్వడు, వాణ్ణి నమ్మకు. హారన్ కొట్టు. ఇప్పుడెందుకు కొట్టావ్?" షోరూముకు చేరేసరికి ముల్లు పచ్చరంగు నడిమధ్య కుదురుగా ఉంది.

"సార్ స్టీరింగుకి ఢోకా లేదు. గుణాలు కూడా బాగా కలిశాయి. బండి రాసేయమంటారా?" అంది నూకరత్నం సంబరంగా.

జశ్విత పక్క సీటు కవరు మీద చెయ్యి వేసింది. నూటికి నూరు. పాపం, ఆ లెక్చరరు గారికి కళ్లు పక్కకు తిప్పవలసిన అవసరమే రాలేదు. నిమ్మళమనుకుని తను మార్కులు వేసింది ఆయన ఒంటరితనానికి. ఆమెకు తన యంత్రాన్ని చూసి సిగ్గేసింది.

"ఇది వద్దమ్మా. పక్క సీటు ఎరగని బండి. షెడ్డులోది పచ్చిదే ఇవ్వు."

"అది మచ్చికవ్వాలంటే ఏళ్లు పడతాది మేడమ్."

"పడనీ. మొదటి రోజు నుంచీ మా ఇద్దరికీ అలవాటవుతుంది."

నేను చెప్పిందీ అదే కదా అనబోయి, భార్య మొహం చూసి తనుష్ మానుకున్నాడు.

నిమ్మకాయలు తొక్కించి కొత్త కారు రోడ్డెక్కించారు. హనుమంతవాక దాకా జశ్విత లారీలనూ గోతులనూ చూపిస్తూనే ఉంది. ఆ తర్వాత, ముల్లుకు చూపునూ దూకుడునూ వేరుచేయడం నేర్పాలంటే ఏం చెయ్యాలన్న ఆలోచనలో పడి మాట ఆపేసింది. ఇంకా ఏమీ నేర్వని ఆ పచ్చి ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడింది.

"అలగలేదు" అంది జశ్విత, తల తిప్పకుండానే. "ఆలోచిస్తున్నా. ముందు చూడు."