ఒక్కదాన్ని కోస్తే

చేపల శాఖ ఆఫీసులో అందరూ ఆమెని మిరపకాయ్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. ఆ పొద్దున కూడా వచ్చీ రాగానే పెద్దసారుతో పెట్టుకుంది.

"నదికీ చెరువుకీ మధ్య గోడ కట్టి నలభై ఏళ్లు సార్. కొత్త చేప ఒక్కటి లోపలికి రాలేదు. అన్నాచెల్లెళ్లే జతకట్టి పిల్లల్ని పెడుతున్నాయి. ఒక్క జబ్బొస్తే అన్నీ ఒకేసారి పోతాయ్. గోడకి చిన్న దారి పెట్టండి, చాలు."

"చేపలకి బయటి సంబంధాలు చూడమంటావా?" సారు పళ్లికిలించాడు. "సాయంత్రంలోపు అంతా బాగుందని రిపోర్టు మీద సంతకం పెట్టు. గోడ అలాగే ఉంటుంది."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. కళ్లెదుట చూపిస్తే గానీ వీడు దిగిరాడని వల పట్టుకుని గట్టుకెళ్లింది. పడవ తోలే బాబాయ్ తోడొచ్చాడు.

మిట్టమధ్యాహ్నమే గానీ మబ్బు. ఆకు కదలట్లేదు. నీళ్లలోంచి తుప్పు వాసన.

వల్లో పది పడ్డాయి. పదింటికీ వెన్ను ఒకేచోట వంకర. టబ్బులో వేసింది. లెక్కపెట్టిన చేపనే మళ్లీ లెక్కపెట్టకుండా తోక అంచు కత్తిరించడం వాళ్ల పద్ధతి. ఒకదాన్ని తీసి కత్తిరించింది. గోరంత ముక్క.

టబ్బులో నీళ్లు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్..." బాబాయ్ గొంతు తగ్గించాడు. "నువ్వు కోసింది ఒకదాన్నేగా..."

మిగతా తొమ్మిదింటికీ తోక తెగి ఉంది. అదే చోట. గోరంతే.

ఇద్దరూ తలెత్తారు. గట్టు పొడుగునా... నీళ్లు ఎర్రగా...

"సార్ని పిలువు బాబాయ్."

సారు రిపోర్టు పట్టుకునే వచ్చాడు. "రంగు కలిపి నాకే నాటకాలా?" టబ్బులోంచి ఒకదాన్ని లాగాడు.

"వద్దు సార్. దండం పెడతా, వద్దు."

గోడకేసి కొట్టాడు. ఒక్క దెబ్బ.

చెరువంతా ఫట్‌మంది.

తర్వాత తేలడం మొదలైంది. వందలు... వేలు... తెల్లగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఒక్కటీ మిగల్లేదు.

"మొత్తం వంశాన్ని చంపేశావ్ కదరా," అందామె. 'సార్' అని పిలవలేదు.

"పీడా పోయింది. ఇంక దారీ అక్కర్లేదు. సంతకం పెట్టు."

కాగితం లాక్కుని పరపరా చింపి నీళ్లలోకి విసిరింది. ముక్కలు పడ్డచోట చూసింది... చేపలన్నీ కళ్లు మూసుకుని ఉన్నాయి.

చేపలకి రెప్పలుండవు.

బాబాయ్ ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాడు. సారు మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఆయన బూటు పక్కన తేలుతున్న చేప... కన్ను తెరిచింది.

తర్వాత దాని పక్కది.