గురువారం నూనె వాసన

ఈ సంగతి మొదట నాకు చెప్పింది సైకాల్. పిల్లల జైల్లో మనసు వైద్యం చేసే అమ్మాయి. ఇస్సిక్‌కుల్ సరస్సు పైన కొండల్లో ఉండేది మా జైలు. నేను అక్కడ వంటవాణ్ణి. ఏనాడూ ఒక్క రొట్టె మాడనివ్వలేదు. తప్పంతా వంట ముసలాడిదేనని డిప్యూటీ జైలర్ మమాసాలి ఇప్పుడు ఊరంతా చెబుతున్నాడు. అందుకే రాస్తున్నాను.

జోల్దోషెవ్ అని ఒక పిల్లాడు. నిద్రపోయేవాడు కాదు. కాలవలో మునిగి చచ్చిన తమ్ముడు తడిబట్టలతో మంచం కింద కూర్చున్నాడనేవాడు. సైకాల్ రోజూ వాడి పక్కన కూర్చుని చెప్పిందంతా వినేది. మెల్లగా కునుకు పట్టడం మొదలైంది. వీణ్ణి ఒంటరిగా పెట్టొద్దు, పెడితే మనకు దక్కడు అని మమాసాలికి మరీ మరీ చెప్పింది.

నా దగ్గరకూ వచ్చింది. చనిపోయినవాళ్ళకు వాసన ముట్టాలని గురువారం నూనెలో రొట్టెలు వేస్తావు కదా తాతా, ఈసారి వాడి తమ్ముడికి వెయ్యి, ఆ పేరు వాడి నోటితోనే చెప్పిస్తాను, గుండె బరువు దిగుతుంది అంది. చదువుకున్నవాళ్ళు మన పద్ధతి అడగడం నేను చూడటం అదే మొదటిసారి. సరేనన్నాను.

ఆ గురువారం పొద్దు గుంకకముందే మంచు కమ్మేసింది. కరెంటు పోయింది. పిల్లాడు కేకలు పెట్టాడని మమాసాలి వాణ్ణి ఒంటరి గదిలో తోసి తాళం వేశాడు. సైకాల్ ఆ తలుపు దగ్గరే కూర్చుండిపోయింది. ఇక్కడ వంటగదిలో నూనె కాగింది. పేరు లేకుండా ప్రార్థన చెయ్యను నేను. గుమ్మంలో నిలబడ్డ మమాసాలిని అడిగాను, చచ్చిన పిల్లాడి పేరేంటని.

“టినార్. కానియ్ ముసలోడా, ఆకలేస్తోంది,” అన్నాడు. నవ్వాడు కూడా.

మా దగ్గర పిల్లల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. సొంత పేర్లు నాకెలా తెలుస్తాయి? టినార్ పేరున చేతులెత్తాను. ప్రార్థన ముగించి అరచేతులతో మొహం తుడుచుకున్నాను. నూనె వాసన చీకటి వరండాలోకి పాకింది…

అక్కడ జరిగింది సైకాల్ చెప్పిందే. వాసన తగలగానే లోపల ఏడుపు ఆగిపోయిందట. తర్వాత నీటి చుక్కలు… టప్… టప్… ఆ గదిలో కుళాయి లేదు. కాలవ బురద కంపు.

“టినార్, మాట్లాడు నాన్నా,” అని తలుపు బయటి నుంచే పిల్లాణ్ణి పిలిచింది సైకాల్.

చిన్నపిల్లాడి గొంతు గుసగుసలాడింది. “అన్న వెళ్ళిపోయాడు. పిలిచారుగా.”

ఆమె పరుగెత్తుకొచ్చింది. “ఎవరి పేరు చెప్పావు తాతా?”

చెప్పాను. టినార్ అంటే గదిలో ఉన్న పిల్లాడు, బతికున్నవాడు.

తాళం తీశాం. అదే పిల్లాడు. మీసం మొలుస్తున్న మొహం. ఒళ్ళంతా పొడిగా ఉంది. నా చేతిలో రొట్టె చూసి, పసివాడిలా రెండు చేతులూ చాచాడు.

“నేను బెక్‌టుర్‌ని,” అన్నాడు. తమ్ముడి పేరు.

ఇప్పుడు పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. సైకాల్ ఇప్పటికీ వెళ్ళి పక్కన కూర్చుంటుంది. హాయిగా నిద్రపోతాడట. టినార్ అంటే పలకడు.

నేను రొట్టెలు మానేశాను. అయినా గురువారం వస్తే, పొయ్యి రాజెయ్యకుండానే నూనె వాసన. నా మంచం కింద తడిబట్టలు పిండుతున్న చప్పుడు… వంగి చూడను. “తాతా, నా పేరు వెనక్కి తీసుకో,” అంటుంది ఎదిగే కుర్రాడి గొంతు. ఎన్నిసార్లు తీసుకున్నానో. నా మాట చెల్లడం లేదు. చచ్చినవాడిదని ఆ పేరు ఇచ్చింది మమాసాలి, నేను కాదు.

కిందటి గురువారం ఆ గొంతు, “నా పేరేంటి తాతా?” అని అడిగింది.

ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, మమాసాలిని పట్టుకొచ్చి కాగే నూనె ముందు నిలబెట్టండి. చచ్చింది బెక్‌టుర్ అని, టినార్ బతికే ఉన్నాడని వాడి నోటితోనే అనిపించండి. గురువారం రాకముందే.