కోళ్ళమ్మ పిలిచిన డాక్టరు

ఎనిమిది కోళ్ళు! పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి ఎనిమిది కోళ్ళు కాళ్ళు చాపుకుని పడి ఉన్నాయి. ఎర్రటి తురాయిలు నీలం తిరిగిపోయాయి. ఆమె కెవ్వున అరిచింది... వీధంతా ఆమెను కోళ్ళమ్మ అంటారు. నాలుగు కోడిపిల్లలతో మొదలుపెట్టి రెండు వందలు చేసింది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ షెడ్డొక్కటే!

"అరవకు!" అంటూ వచ్చాడు భర్త. "చచ్చినవాటిని గోనెలో కట్టు. మిగతావి మధ్యాహ్నం హాస్టలు వంటవాడు పట్టుకుపోతాడు. ఫోన్ చేసి చెప్తాను."

"అవి పిల్లలు తింటారండీ! ఇది మామూలు తెగులు కాదు..."

"వచ్చిందండీ డాక్టరమ్మ! కోడి బుర్ర! పశువుల డాక్టరుకి తెలిస్తే తెగులు పాకుతుందని అన్నిటినీ చంపించేస్తాడు, ఒక్కటీ మిగల్చడు. తర్వాత ఈకలు ఏరుకుంటావా?"

ఆమెకు తెలుసు. తెలిసినా ఆగలేదు. వంటింట్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి, డాక్టరుకి ఫోన్ చెయ్యమంది.

"బాగా ఆలోచించుకున్నావా అమ్మా? చేశాక వెనక్కి తీసుకోలేం!"

"ఆలోచిస్తే చెయ్యలేనే తల్లీ... ముందు చెయ్యి!"

వంటవాడికన్నా ముందే డాక్టరు వచ్చాడు, తెల్ల దుస్తుల్లో నలుగురు మనుషులతో. వాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే కోళ్ళు ప్రాణభయంతో జాలీకేసి కొట్టుకున్నాయి. ఆ అరుపులు ఆమె వినలేకపోయింది.

"ఆగండి బాబూ! మీరు వెంటపడితే బెదిరిపోతాయి. నా చేతికైతే వస్తాయి... నేను పట్టిస్తాను!"

డాక్టరు కాసేపు తటపటాయించి ఆమెకూ మాస్కు, తొడుగులు ఇప్పించాడు. గింజలు చల్లేటప్పుడు రోజూ పిలిచినట్టే పిలిచింది. వచ్చేశాయి! ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి! అదే ఆమె తట్టుకోలేకపోయింది... ఒక్కొక్కదాన్నే ఎత్తి డాక్టరు మనుషులకి అందించింది. సగమైనా కాకముందే కూలబడింది.

భుజం మీద చెయ్యి పడింది. భర్త! మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు కూర్చోవే... మిగతావి నేను పడతాను."

ఆయన ఎన్నడూ ఆ షెడ్డులో అడుగు పెట్టినవాడు కాదు. పట్టిన కోడి పట్టినట్టే జారిపోయింది. రెండోదీ అంతే.

"ఎలా పట్టుకోవాలో... చెప్పవూ?"

ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆయన ఆమెను అడిగి తెలుసుకున్న మొదటి సంగతి!

"రెక్కలు రెండూ దగ్గరికి చేర్చండి... గట్టిగా కాదు. గుండెకి ఆనించుకుంటే ఊరుకుంటుంది."

ఆయన అలాగే ఆనించుకున్నాడు. కోడి ఊరుకుంది.

"ఇంత వెచ్చగా ఉంటాయా!" అన్నాడు.

ఆమె లేచి, ఇంకోదాన్ని పట్టి ఆయన చేతుల్లో పెట్టింది.