తాడు చివర ముడి

"ఆమె ప్రాణాలతో కావాలి. నీ పగను ఇంట్లో పెట్టి వెళ్లు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పాదరసం తలూపాడు. ఇంట్లో దానికి చోటెక్కడ? ఏడాదిగా తమ్ముడి గదిలో ఆ తాడే వేలాడుతోంది, చివర ముడితో సహా.

తమ్ముడూ డిపార్ట్‌మెంట్ మనిషే. ఇరుకు లోయలో జలపాతం మీదుగా తాడుతో దిగుతూ మునిగి చనిపోయాడు. ముడి తనే వేసుకుని చచ్చాడని రిపోర్టు రాసి అందరూ చేతులు దులుపుకున్నారు. కానీ జలపాతంలోకి వదిలే తాడు చివర ముడి వేయకూడదని ఈ అన్నకు నేర్పిందే ఆ తమ్ముడు. ముడి లేకపోతే తాడు జారిపోయి మనిషి మడుగులో పడి ఈదుకుంటూ బయటపడతాడు. ఉంటే నడుముకున్న కొక్కెం అక్కడే ఇరుక్కుంటుంది, నీళ్లు నెత్తిన పడుతూనే ఉంటాయి.

ఆ రోజు గైడ్ 'నెమలి'. పేరుకు మన ఏజెంటే, జీతం మాత్రం రెండు వైపులా. ఈసారి దొంగిలించిన రాడార్ చిప్ ఆమె దగ్గరుంది. లోయ చివర విదేశీ ముఠా పడవ కాచుకుని ఉంటుంది. ఒంటరిగా వెళ్తే అనుమానం, అందుకని తోడుకో టూరిస్టు. పడవను చూడబోయే ఆ టూరిస్టు బతక్కూడదన్నది ఆమె లెక్క.

పాదరసం గుండు గీయించుకుని, పొట్టకు స్పాంజి కట్టుకుని, నీళ్లంటే హడలిపోయే నగల వ్యాపారి అవతారంలో ఆ టూరిస్టయ్యాడు.

లోయలో చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి. ఆ మసక వెలుతురులోనూ నెమలి నవ్వు అందంగానే ఉంది. ఈ నవ్వును నమ్మే తమ్ముడు తాడు పట్టుకున్నాడనుకుంటే పాదరసానికి ఒళ్లు మండింది. చివరి జలపాతానికి ముందు ఆమె వైర్‌లెస్‌లో మాట్లాడటానికి మలుపు తిరిగింది. రెండు తాళ్ల సంచులూ అతని ముందే ఉన్నాయి. చేయి పెట్టి తడిమాడు. ఆమె గుర్తుగా ఎర్ర రిబ్బన్ కట్టుకున్న సంచి అడుగున, తాడు చివర ముడి తగిలింది. ఆ రిబ్బన్ విప్పి రెండో సంచికి కట్టాడు.

"భయపడకండి సార్, ముందు మీరే," అంటూ నెమలి రిబ్బన్ సంచిని తాడుతో సహా కిందికి విసిరింది. అతను వణుకుతూ దిగి, నురగలోకి జారి, చప్పుడు కాకుండా ఒక రాయి చాటుకు ఈదాడు. కాసేపటికి ఆమె రెండో తాడు మీద నింపాదిగా దిగింది. నురగలో టక్కున ఆగిపోయింది.

ఆమె మెడలోని విజిల్ మోగింది. మళ్లీ మోగింది.

పాదరసం కూర్చుని విన్నాడు. మనసు చల్లబడుతుందనుకున్నాడు, పడలేదు. విజిల్ సన్నగిల్లాక ఈదుతూ వెళ్లి ఆమె చెవి దగ్గర అడిగాడు.

"మా తమ్ముడూ ఇలాగే ఊదాడా?"

ఆమె అతన్ని అప్పుడు పోల్చుకుంది. తలూపింది.

"నువ్వు చస్తే నీకే హాయి. వాడి ముడి ఎవరు వేశారో కోర్టులో నీ నోటితో చెప్పాలి. మా అమ్మ వినాలి. బతుకు."

వాచీలోంచి బ్లేడు లాగి తాడు కోసి, ఆమె జేబులోని చిప్ తీసుకున్నాడు. లోయ చివర పడవలోంచి ముఠా మనిషి చేయి చాపేసరికి చిప్ పాదరసం పిడికిట్లో ఉంది, జాలర్ల వేషంలో ముందే కాచుకున్న మనవాళ్ల తుపాకీ ఆ పెద్దమనిషి వీపుకు ఆనుకుని ఉంది.

సాయంత్రం చీఫ్ విసుక్కున్నాడు. "ప్రాణాలతో తెమ్మంటే సగం మడుగు తాగించి తెచ్చావేంటయ్యా?"

"నేను టూరిస్టుని సార్. గైడ్ వేసిన ముడి మనం విప్పకూడదుగా."