అతికించిన మీసం

కన్నతల్లి మీసాన్ని చెత్తబుట్టలో పారేసే అధికారం కొడుక్కి ఎక్కడినుంచి వస్తుంది?

డబ్లిన్ శివారు లూకన్‌లో, కొడుకు ఇంటి వంటగదిలో నిలబడి నాగరత్నం తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. ముప్పై ఏళ్లు రాజు వేషంలో ఆమె పై పెదవిని అంటిపెట్టుకున్న క్రేపు మీసం బుట్టలో, తడి టీ పిప్పి మీద పడి ఉంది... ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది. దాన్ని ఆమె తోసివేయలేదు.

పక్కింటి ముందుగదిలో ఆ ఇంటి పెద్దావిడ గ్వెన్ శవపేటిక ఉంది. ఇరుగుపొరుగు వచ్చి, టీ తాగి, పోయినవారిని తలుచుకుని, పాడి వెళ్లడం ఇక్కడి ఆనవాయితీ. వేషంతో వచ్చి పాడమని గ్వెన్ కూతురు పొద్దున్నే నాగరత్నాన్ని, ఆమె మనవరాలి చేత చెప్పించి, అడిగింది. తల్లి చివరి కోరిక అదేనట.

గ్వెన్ వేల్స్‌లో ఒక బొగ్గుగని కార్మికుడి కూతురు. పదహారో ఏట మగవాడి కోటు తొడుక్కుని, మీసం అంటించుకుని మ్యూజిక్ హాళ్లలో హాస్యగీతాలు పాడటం మొదలుపెట్టింది. ఊరూరా ఆమె బొమ్మ గోడలెక్కింది. అంతలో టెలివిజన్ వచ్చింది, హాళ్లు మూతబడ్డాయి. ఐరిష్ భర్త వెంట సముద్రం దాటి వచ్చి, దుకాణంలో రొట్టెలమ్ముకుంటూ బతికింది. నాగరత్నం కథా అలాంటిదే. తెనాలిలో ఆమె నాటకాన్ని సినిమా మింగింది. కంప్యూటరు కంపెనీలు డబ్లిన్‌కు వరదలా వస్తున్న రోజుల్లో కొడుకు మహీధర్ ఆమెను ఇక్కడికి తెచ్చాడు.

ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఒకనాడు గ్వెన్ పాత ఫోటో చూపించి, గమ్ము దురద గుర్తొచ్చినట్టు పై పెదవి గోక్కుంది. నాగరత్నం కూడా గోక్కుంది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. నాగరత్నానికి వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే... పద్యం రక్తి కట్టినప్పుడు జనం అరిచే మాట. గ్వెన్ ఏం పాడినా 'వన్స్‌మోర్' అనేది. గ్వెన్ మళ్లీ పాడేది.

"అక్కడికి మా మేనేజర్ కూడా వస్తున్నాడమ్మా" అన్నాడు మహీధర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "ఆఫీసులో నువ్వు టీచరువని చెప్పుకున్నాను."

"ఎందుకు చెప్పావురా?"

"బళ్లో నన్నేమని పిలిచేవాళ్లో తెలుసా నీకు? మీసాలమ్మ కొడుకని..."

"తెలుసు. ఆ మీసమే నీకు అన్నం పెట్టిందని ఇప్పుడు నేను దెప్పను. అన్నం ఏ తల్లైనా పెడుతుంది. ఆ వేషంలో నేను రాజునిరా! నన్ను టీచరమ్మను చేసి బతికుండగానే చంపావు. గ్వెన్ చచ్చిపోయినా, ఆమె కూతురు ఆమెను చంపలేదు."

మహీధర్ తల దించుకున్నాడు గాని గుమ్మం వదల్లేదు. సిగ్గు అంటువ్యాధి కావచ్చు. తనకు ఎన్నడూ సోకనిది వీడికి సోకింది. బళ్లో మాటలు పడ్డ ఆ పసివాడి మీద జాలి కలిగింది ఆమెకు. ఈ పెద్దవాడి మీద కోపం మాత్రం తగ్గలేదు. జాలి పుట్టినంత మాత్రాన కోపం అబద్ధమైపోవాలా? అక్కర్లేదు.

ఆమె వంగి బుట్టలో చెయ్యి పెట్టింది.

"ఆగండత్తయ్యా, నేను తీస్తా" అంది పొయ్యి దగ్గర నుంచి కోడలు ఐశ్వర్య. మీసాన్ని కడిగి, తువ్వాలుతో అద్ది, తను పెట్టుకునే దొంగ రెప్పవెంట్రుకలకు వాడే గమ్ము తెచ్చి అత్తగారి పెదవిపై తానే అతికించింది. మెట్ల మీంచి మనవరాలు సాహిత్య, "లీవ్ హర్ బీ, డాడ్. షీ లుక్స్ గ్రాండ్" అంది.

నాగరత్నం కొడుకు భుజం పట్టుకుని పక్కకు జరిపింది. తలుపు తీసి, చెప్పుల్లేని కాళ్లతోనే తడి గడ్డి దాటింది.

పక్కింట్లో జనం పక్కకు జరిగి దారిచ్చారు. శవపేటిక మీద గ్వెన్ పాత టోపీ ఉంది. దాని అంచు తాకి, నాగరత్నం తనకు వచ్చిన ఒక్క ఇంగ్లీషు మాటా అంది.

"వన్స్‌మోర్, గ్వెన్."

జవాబు రాలేదు. ఆమె మీసం మెలేసి, పద్యం ఎత్తుకుంది.